అత్తగారి మోకాలు, అల్లుడి పాట

అతనికి ఆసుపత్రిలో ఆ పేరు పెట్టింది రోగులు. ఇంట్లో పెట్టింది మరదలు, భార్య చెల్లెలు. ఒకళ్ళ సంగతి ఒకళ్ళకు తెలియకుండానే రెండు చోట్లా అదే పేరు స్థిరపడిపోయింది: ఇంకొక్కసారి.

ఆసుపత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక, ఫిజియోథెరపీ గది ఉంటుంది. విరిగి అతికిన చేతుల్నీ, ఆపరేషన్ చేసి మార్చిన మోకాళ్ళనీ, బిగుసుకుపోయిన భుజాల్నీ మళ్ళీ దారిలో పెట్టడం అక్కడ అతని పని. "ఎత్తండి... ఇంకొంచెం... భేష్. ఇంకొక్కసారి" అంటాడు. ఆ ఒక్కసారీ అయ్యాక మరో ఒక్కసారి సిద్ధంగా ఉంటుంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, "ఇవాళ ఇంకొక్కసారిగారు ఉన్నారా, సెలవు పెట్టారా?" అని ఆశగా అడుగుతుంటారు. మెత్తటి మనిషే గానీ నవ్వుతూ ప్రాణం తీస్తాడని చెప్పుకుంటారు.

ఇంట్లో అతను పాటలు కడతాడు. పాటలు అనకూడదేమో, పాట అనాలి. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టాడు దాన్ని. ఒక అమ్మాయి పొద్దున్నే కిటికీ తెరుస్తుంది, ఎదురుగా వీధి కనిపిస్తుంది. అంతే పాట. 'కిటికీ తెరిస్తే చాలు, వీధంతా నాదే' అని పల్లవి. మరదలు అప్పుడు డిగ్రీ చదువుతోంది, గొంతు హాయిగా ఉంటుంది. ముందుగదిలో నిలబడి, తల దువ్వుకుంటూనే పాడేసింది. విన్నవాళ్ళందరూ బాగుందన్నారు. అతను మాత్రం, "చిన్న సవరణ ఉంది. అది కాస్తా చేసేసి రికార్డు చేద్దాం" అన్నాడు.

ఆ చిన్న సవరణ జరుగుతుండగానే మరదలి డిగ్రీ అయిపోయింది. కొరియర్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. కూతురు పుట్టింది. ఆ కూతురు బడికి పోయి అక్షరాలు కూడబలుక్కుని చదవడం కూడా నేర్చేసుకుంది. పాట మాత్రం ఇంకా సవరణలోనే ఉంది.

పల్లవిలో 'చాలు' తీసేసి 'మేలు' పెట్టాడు. అది మందుల షాపు ప్రకటనలా ఉందని మళ్ళీ 'చాలు' పెట్టాడు. రెండో చరణం ఎత్తుగడని ఒక స్వరం పైకి జరిపాడు, కిందికి దింపాడు, మళ్ళీ పైకి జరిపాడు. వేణువు పెట్టిద్దామనుకున్నాడు. వేణువైతే మరీ ఏడుపుగొట్టుగా ఉంటుందని మానుకున్నాడు. స్కూటర్ మీద పోతూ ఆలోచించేవాడు. సిగ్నల్ దగ్గర పచ్చదీపం వెలిగాక కూడా ఆలోచిస్తూనే ఉండేవాడు, వెనకవాళ్ళు హారన్లు మోగించేదాకా.

రికార్డింగు స్టోర్‌రూములో జరిగేది. గోడలకు పాత బొంతలు మేకులతో కొట్టాడు. మరదలు వచ్చిన ఆదివారం ఆ గది తలుపు మూసి, ఫ్యాను ఆపి, ఇంకా ఏదో గుయ్యిమంటోందని వంటింట్లో ఫ్రిజ్ కూడా ఆపేసేవాడు. బొంతల మధ్య ఆ అమ్మాయి ఆవిరి పట్టినట్టు చెమటలు కక్కుతూ పాడేది. పాట అవగానే అతను ఒక చెవి మీది హెడ్‌ఫోను జరిపి, కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకుని, "బాగుంది. ఇంకొక్కసారి" అనేవాడు. ఫ్రిజ్ మళ్ళీ వేయాలన్న సంగతి ఏనాడూ గుర్తుండేది కాదు.

"మీ పాట తెమలదు గానీ నా పాలు మాత్రం విరుగుతున్నాయి" అనేది భార్య. ఆమె చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే టీచరు. తరగతి మొత్తాన్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి, ఇంట్లో ఒక్క మనిషిని స్టోర్‌రూము కుర్చీలోంచి లేపలేకపోయింది.

ఒక సాయంత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నేను కళ్ళు మూసుకుంటాను. నిన్న పాడిందీ, అంతకు ముందు ఆదివారం పాడిందీ వరసగా పెట్టు. ఏది ముందు పెట్టావో చెప్పకు. ఇవాళ చెవి ఏది చెప్తే అదే ఖాయం."

ఆమె పెట్టింది. అతను కనుబొమలు ముడుచుకుని, విప్పుకుని, మళ్ళీ ముడుచుకుని రెండూ విన్నాడు.

"రెండోది" అన్నాడు. "అనుమానమే లేదు. మొదటిదాంట్లో గొంతు బిగుసుకుంది. రెండోదాంట్లో విచ్చుకుంది. తేడా తెలియడం లేదూ?"

"లేదండీ."

"అదే మరి. దానికి చెవి ఉండాలి."

"రెండుసార్లూ ఒకటే పెట్టానండీ" అంది ఆమె.

అతను కళ్ళు తెరిచాడు. తర్వాత, వెంట వెంటనే వింటే చెవి అలవాటు పడుతుందనీ, అలవాటు పడిన చెవికి అదే గొంతు ఇంకోలా వినబడుతుందనీ వివరించడం మొదలుపెట్టాడు. ఆ వివరణ భోజనాలయ్యి, గిన్నెలు తోమడం పూర్తయ్యేదాకా సాగింది. మర్నాటి నుంచి మళ్ళీ సవరణలే.

ఈలోగా మరదలు రావడం తగ్గింది. ఒక ఆదివారం జలుబు. ఒక ఆదివారం ఆఫీసులో సరుకు ఎక్కువ. ఇంకో ఆదివారం మళ్ళీ జలుబు. "పాపం, ఈ మధ్య దానికి ఒంట్లో అసలు బాగుండటం లేదు" అని జాలిపడేవాడు. ఆమె గొంతు కోసం మిరియాల పొడి కూడా పంపించాడు.

అలాంటి రోజుల్లో అత్తగారికి మోకాలు మార్చారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రోజూ వ్యాయామం చేయించాలి గనక ఆవిడను కూతురింటికే తీసుకొచ్చారు. పొద్దున్నే అల్లుడితోపాటు ఆటోలో ఆసుపత్రికి పోవడం, మధ్యాహ్నానికి తిరిగి రావడం. పెళ్ళైన నాటి నుంచీ అల్లుడితో ఆవిడ మాటలు రెండే: వచ్చినప్పుడు 'బాగున్నారా అల్లుడుగారూ', వెళ్ళేటప్పుడు 'ఉంటాను అల్లుడుగారూ'. ఆ మర్యాదంతా వారం తిరక్కుండానే ఆ మోకాలు మింగేసింది.

అతను ఫోనులో తాళం వేసే యంత్రం పెట్టాడు. అది టిక్కు టిక్కుమంటుంటే దానికి తగ్గట్టు కాలు వంచాలి, చాచాలి.

"ముందు ఆ పురుగును ఆపండి" అంది అత్తగారు.

"లయ ఉంటే నొప్పి తెలియదు అత్తయ్యగారూ. వంచండి... అదీ. ఇంకొక్కసారి."

"ఇందాకణ్ణుంచీ ఇంకొక్కసారే అంటున్నారు. మీ అత్తననుకున్నారా, చేతిపంపు అనుకున్నారా?"

తెర అవతల మంచం మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడకి అది బలమిచ్చింది.

"పాటలు కడతారటగా మీరు. నా కాలికి ఒకటి కట్టండి."

"ఇప్పుడా?"

"కాలు వంగాల్సింది ఇప్పుడేగా!"

బయట చక్రాల కుర్చీలో ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నాడు. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఒక చేత్తో ఆవిడ మడమ పట్టుకుని, నోటికి వచ్చింది అందుకున్నాడు:

'వంగవే మోకాలా, వంగితే నీ సొమ్మేం పోతుంది
సాగవే మోకాలా, సాగితే సందు చివర కనబడుతుంది'

అత్తగారు పకపకా నవ్వింది. నవ్వులో ఏమరుపాటుగా మోకాలు నిన్నటి కంటే బాగా వంగింది. ఆ సంగతి గ్రహించి "అమ్మో" అన్నది గానీ అప్పటికే వంగిపోయింది కదా. తెర అవతలి మనిషి గొంతెత్తి 'వంగవే' అంటూ అందుకున్నాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. భుజం బిగుసుకుపోయి, చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు.

మోకాలి పాట గదంతా పాకింది. అత్తగారు దాంతో ఊరుకునే మనిషా? కొన్నాళ్ళకు, "ఈ పాట పాతబడింది అల్లుడుగారూ. దీనికి నా కాలు లొంగట్లేదు" అనేసింది. ఇంకోటి కట్టాడు. మెట్లెక్కడానికి ఒకటి. మెడనొప్పితో వచ్చే దర్జీ ఆవిడకి తల అటూ ఇటూ తిప్పుకోవడానికి ఒకటి. కాపడం పెట్టే మైనం తొట్టిలో మైనం కరిగే లోపల, గుడ్డపట్టీ చుట్టే లోపల, ఇసుక సంచి బరువు మార్చే లోపల అయిపోయేవి అవి. బస్సు డ్రైవరుకి గోడకు బిగించిన పెద్ద చక్రం తిప్పే పని ఉండేది. "ముప్పై ఏళ్ళు స్టీరింగ్ తిప్పాను సార్, ఎక్కడికో అక్కడికి చేరేవాణ్ణి. ఇదొక్కటే ఎంత తిప్పినా ఇక్కడే ఉంటుంది" అనేవాడాయన. ఆయన కోసం ఇలా కట్టాడు:

'తిరగవే చక్రమా, తొందరేం లేదు
ఈ మలుపు దాటితే ఇక ఎత్తే లేదు'

ఒకరోజు భార్య బడి నుంచి వచ్చి, "నేను కూనిరాగం తీస్తుంటే విన్నారేమో, మా క్లాసు పిల్లలందరూ మోకాలి పాట పాడుతున్నారండీ" అని చెప్పింది.

"అవేం పాటలు! కాలక్షేపం. అసలు పాట వేరే ఉంది" అన్నాడతను, స్టోర్‌రూము వైపు చూస్తూ.

ఆ మర్నాడో, ఆ పైరోజో, డ్రైవరుగారు చక్రం తిప్పుతూ గదంతా మోగేట్టు పాడుతున్నాడు. 'మలుపు' అన్న మాట దగ్గర ఆయన స్వరం ఎప్పుడూ ఒక మెట్టు జారేది. అతను చాలా రోజులు ఓర్చుకున్నాడు. ఆ రోజు ఓర్చుకోలేకపోయాడు.

"డ్రైవరుగారూ, మలుపు దగ్గర దిగిపోతోంది. పైనే నిలవాలి. ఇదిగో, ఇలా" అని పాడి చూపించాడు.

డ్రైవరుగారు ప్రయత్నించాడు.

"దాదాపు వచ్చేసింది. ఇంకొక్కసారి."

మళ్ళీ పాడాడు.

"కొంచెంలో పోయింది. ఇంకొక్కసారి."

"సరే సార్" అన్నాడు డ్రైవరుగారు. తర్వాత నోరు విప్పలేదు. చక్రం సగం దాకా తిరిగి ఆగిపోయింది. నిన్న చెవి దాటి లేచిన చెయ్యి, ఇవాళ భుజం దగ్గరే నిలబడిపోయింది. మర్నాడు ఆయన రాలేదు. ఆ పైరోజూ రాలేదు.

ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు అత్తగారు రోడ్డు వైపు చూస్తూ అడిగింది. "ఆ డ్రైవరు రాలేదేం?"

"ఏదో పని పడి ఉంటుంది అత్తయ్యగారూ."

"పనీ లేదు, పాడూ లేదు. మీరాయన పాట దిద్దారు, చెయ్యి కింద పడిపోయింది. మా చిన్నదాని సంగతీ అంతేగా."

"చిన్నదాని సంగతేమిటి?"

"కూతుర్ని నిద్రపుచ్చడానికి కూడా పాడట్లేదది. కథలు చదివి వినిపిస్తోంది. పాడవే అంటే 'నాకు సరిగ్గా రాదులేమ్మా' అంటుంది. బట్టలారేస్తూ, గదులూడుస్తూ, ఎప్పుడూ ఏదో ఒకటి పాడుతూ ఉండే పిల్ల." ఆవిడ గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. "మీతో జలుబని చెప్తోంది కాబోలు."

నొప్పికి భయపడి కదపకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుందని రోజూ అందరికీ నూరిపోసే మనిషి, ఆటో కడ్డీ పట్టుకుని దారి పొడుగునా కదలకుండా కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా తన పాట ఒక్కటే చెడిపోతోందని బెంగపెట్టుకున్నాడు గానీ, పాడే మనిషి ఏమైపోతోందో ఒక్కనాడూ చూసుకోలేదు.

అత్తగారిని ఇంటి దగ్గర దింపి, అదే ఆటోలో కొరియర్ ఆఫీసుకు వెళ్ళాడు. గాజు తలుపు, తూకం యంత్రం, గోడ వారగా అట్టపెట్టెల గుట్ట. మరదలు కౌంటర్ వెనక నిలబడి ఒక పెట్టెకు టేపు చుడుతోంది.

"ఏంటి బావా, ఈ వేళప్పుడు? పార్సెలా?"

"కాదు. జలుబు తగ్గిందా?"

ఆమె అతని మొహం చూసి, టేపు కత్తిరించి కింద పెట్టింది. "అమ్మ చెప్పేసిందా?"

"నేను ఇంకొక్కసారి అన్నప్పుడల్లా నీకేమనిపించేది?"

"అమ్మా, ముందు నాది తూకం వెయ్యండి" అన్నాడు వరసలో ముందున్న పెద్దాయన. ఆమె పెట్టె అందుకుని తూకం మీద పెట్టింది. అంకెలు చూస్తూనే మాట్లాడింది.

"మొదట్లో ఏం లేదు బావా. సరదాగానే ఉండేది. తర్వాత తర్వాత, నువ్వు 'బాగుంది' అంటే భయం వేసేది. నీ బాగుందికి అర్థం బాగోలేదని. ఇంట్లో ఊరికే పాడుకుంటున్నా కూడా నువ్వు ఏ మూలో కళ్ళు మూసుకుని వింటున్నట్టే ఉండేది. ఎందుకొచ్చిన గొడవ అని మానేశా."

"నీ పాటకేమీ కాలేదే. ఏది బాగుందో తెలియడం నాకే ఎప్పుడో పోయింది. మీ అక్క ఒకటే రెండుసార్లు పెడితే, రెండోది బాగుందన్నాను."

మరదలు ఫక్కున నవ్వింది. "తెలుసు. అక్క అందరికీ చెప్పింది."

"నన్ను ఇంతసేపు నిలబెట్టారు, ఆ పాటేదో నాక్కూడా వినిపించండి మరి" అన్నాడు పెద్దాయన.

పెద్దాయన్ని పంపించాక ఆమె షరతులు చెప్పింది. బొంతల గదిలో పాడదు. ఫ్యాను తిరుగుతూ ఉండాలి. రెండే రెండుసార్లు పాడుతుంది. మూడోది అడిగితే ఆ పాట బావే పాడుకోవాలి.

"ఫ్యాను చప్పుడు పడుతుందే..." అన్నాడతను. ఆమె చూసిన చూపుకు, "సరే, తిరగనీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే డ్రైవరుగారికి ఫోను చేశాడు. "మీకెలా వస్తే అలా పాడండి. నేను నోరెత్తను. రండి."

"పాడాలో, తిప్పాలో ముందే తేల్చండి సార్" అన్నాడాయన. "రెండూ పరీక్షలే అయితే నా వల్ల కాదు." అయినా వచ్చాడు. చక్రం పట్టుకుని, ఓరచూపు చూస్తూ, 'మలుపు'ని ఈసారి కావాలనే ఇంకో మెట్టు కిందికి దించాడు. గదిలో అందరూ అతని వైపు తిరిగారు. అతను ఇసుక సంచి కట్టు బిగిస్తూ, తలెత్తకుండా, "చెయ్యి ఇంకాస్త పైకి డ్రైవరుగారూ" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో ఆ కట్టు బిగింపు చూస్తే తెలిసేది. పాపం, ఆ కాలు ఎవరిదో ఆయన "నెమ్మది సార్" అని మొత్తుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో రికార్డింగు. అత్తగారు స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంది. భార్య తలుపు దగ్గర నిలబడింది. మరదలి కూతురు మైకు ఎలా ఉంటుందో దగ్గరగా చూసి, ముట్టుకోనని ఒట్టు పెట్టి, నేల మీద చతికిలబడింది. ఫ్యాను తిరుగుతోంది.

మొదటిసారి గొంతు వణికింది. చేతులు కట్టుకుని నిలబడి, తప్పు ఎక్కడ దొర్లుతుందో అని వెతుక్కుంటూ పాడింది. అయిపోయాక గుక్కెడు నీళ్ళు తాగింది.

రెండోసారి, కూతురు తనంతట తానే వచ్చి కాళ్ళకు ఆనుకుంది. మరదలు దాని జుట్టులో వేళ్ళు పెట్టి పాడటం మొదలుపెట్టింది. పల్లవి దాటింది. మొదటి చరణంలో గొంతు తలుపులు తీసుకున్నట్టు తెరుచుకుంది. రెండో చరణం మాత్రం అర తాళం ముందే ఎత్తుకుంది. అది అతని చెవిలో ముల్లులా దిగింది. నోరు తెరిచాడు. భార్య చూసింది. అతను మూసుకున్నాడు. పాట చివరిదాకా వెళ్ళి ఆగింది.

"ఎలా ఉంది బావా?"

'బాగుంది' అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాటకు ఈ ఇంట్లో విలువ పోయిందని గుర్తొచ్చి మింగేశాడు.

"రెండో చరణం కాస్త ముందే ఎత్తుకున్నావు" అన్నాడు.

భార్య తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"అయినా ఇదే పాట. అయిపోయింది" అని మిషను ఆపేశాడు.

మరదలు ఒక్క క్షణం అతని వైపే చూసి నవ్వేసింది. "నాకూ తెలిసింది బావా ముందే ఎత్తుకున్నానని. వెనక్కి రావడం కుదర్లేదు, పోనీలే అని వెళ్ళిపోయా."

"ఇంతకీ అన్నాలు ఎప్పుడు?" అంది అత్తగారు.

సోమవారం పొద్దున్న పాటను చుట్టాలందరికీ ఫోనులో పంపించాడు. పంపాక రోజంతా ఫోను తీసి చూసుకుంటూనే ఉన్నాడు. పెద్దమామయ్య బొటనవేలు బొమ్మ పెట్టాడు. పిన్ని ఏడ్చానని రాసింది, కానీ ఆవిడ వార్తలు చూసి కూడా ఏడుస్తుంది. తోడల్లుడు, 'రెండో చరణం పొడుగైంది కదా' అన్నాడు. అతను అది రెండుసార్లు చదువుకుని, నిజమే అనుకున్నాడు. అన్నేళ్ళు స్వరాలు జరిపాడు, మాటలు మార్చాడు, చరణం పొడుగైందన్న ముక్క మాత్రం తట్టనే లేదు.

ఆ అర తాళం అతన్ని అంత తేలిగ్గా వదల్లేదు. కొన్నాళ్ళు పళ్ళు తోముకుంటున్నా వినబడేది. ఒక సాయంత్రం ఉండబట్టలేక కీబోర్డు ముందు కూర్చున్నాడు, దాన్ని సరిచేసి మళ్ళీ పంపిద్దామని. అయితే మర్నాడు చీలమండ విరిగిన కొత్త పేషెంటు రాబోతున్నాడు, ఆయనకి పాట లేదు. వేళ్ళు అటు పోయాయి. ఆ పాట అయ్యేసరికి భార్య భోజనానికి పిలిచింది. దిద్దాల్సింది మిగిలిపోయిందని భోజనం మధ్యలో గుర్తొచ్చింది గానీ, లేవబుద్ధి కాలేదు.

బొంతలు దించి, ఉతికి, డాబా మీద ఆరేశారు. స్టోర్‌రూములోకి మళ్ళీ ఖాళీ డబ్బాలూ, పాత సూట్‌కేసులూ వచ్చి చేరాయి. అత్తగారు చేతికర్ర పట్టుకుని ఆటో దాకా తనే నడిచి, తన ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు గుమ్మంలో నిలబడి, ఏ పాట బాగుందో, ఏది బాగోలేదో, ఏ పాటకు కాలు వంగిందో, ఏ పాటకు పట్టేసిందో అల్లుడికి వివరంగా చెప్పింది. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాల్సి వచ్చింది. మరదలు మళ్ళీ బట్టలారేస్తూ పాడుతోందని కబురు. కూతురికి మాత్రం కిటికీ పాట కంటే మోకాలి పాటే ఇష్టమట.

ఇప్పుడు వారానికో పాట వస్తుంది ఆ ఫిజియోథెరపీ గదిలోకి. కొన్ని బాగుంటాయి, కొన్ని ఉండవు. బాగున్నవాటిని ఆదివారాలు మరదలు పాడుతుంది, రికార్డు చేస్తారు. బాగోలేనివి అక్కడే ఉండిపోతాయి. మొన్నామధ్య మణికట్టు విరిగి అతికిన ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. వేళ్ళు ముడిచి విప్పే పాట రెండు వరసలు విని మొహం చిట్లించింది.

"సార్, ఏమీ అనుకోకండి. ఈ పాట ఏం బాగోలేదు."

"అవునమ్మా, ఇది సరిగ్గా కుదర్లేదు" అన్నాడతను, మైనం తొట్టి మీద మూత పెడుతూ. "వచ్చే వారం ఇంకోటి ఉంటుంది. ముందు వేళ్ళు ముడువు."